పొట్ట ఆపరేషన్‌కు తేదీ తీసుకునే ముందు

ఈ వారం బళ్ళారి వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్నే తీసుకుంటున్నాను. పేరు, ఊరు వెల్లడించవద్దని ఆమె కోరారు. వయసు 34. ఇద్దరు పిల్లలు, రెండు కాన్పులూ సిజేరియన్లే. చిన్నబాబుకు 14 నెలలు, రాత్రిపూట ఇంకా పాలు తాగుతున్నాడు. నాలుగు నెలల్లో 6 కిలోలు తగ్గారట, ఇంకా తగ్గుతున్నారట. ఒళ్లంతా తగ్గినా కుట్ల మీద పొత్తికడుపు మాత్రం సంచిలా వేలాడుతోందని బాధపడ్డారు. అక్కడి డాక్టరు ఒకరు "మినీ టమ్మీ టక్ చేస్తే సరిపోతుంది, చిన్న ఆపరేషనే, మూడో రోజున లేచి తిరుగుతావు" అన్నారట. భర్త గల్ఫ్ నుంచి బక్రీద్ సెలవుకు వస్తున్నారు. ఆయన వచ్చేలోపు చేయించుకోవాలని, ఇంట్లో హెర్నియా అని చెప్పాలని ఆమె ఆలోచన. చివర ఒక మాట రాశారు: "కోత లేకుండా పొట్ట కరిగించే మాజూన్ ఏదైనా ఉంటే చెప్పండి హకీం సాబ్, ఆపరేషన్ మానేస్తాను."

ఇలాంటి ఉత్తరం ఇదొక్కటే కాదు. యానాం నుంచి షోలాపూర్ దాకా మన ఇళ్లల్లో ఆడపిల్లలు నోరు విప్పి అడగలేక దాచుకునే ప్రశ్న ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి 100 కాన్పుల్లో 21కి పైగా సిజేరియన్లే. తమిళనాడులో ఆ సంఖ్య దాదాపు 45, తెలంగాణలో 60 దాటింది. పొత్తికడుపు మీద మడత పడినవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. కాబట్టి ఆ సోదరికి చెప్పదలచిన జవాబును మీ అందరి ముందే చెబుతున్నాను.

మాజూన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ముందుగా మా వైద్యం గురించే నిజం చెప్పుకుందాం. సాగిపోయిన చర్మాన్ని వెనక్కి లాగే మాజూన్ లేదు. సఫూఫ్ గాని, అర్క్ గాని, మాలిష్ నూనె గాని ఆ పని చేయలేవు. ఏ హకీం అయినా నెల రోజుల్లో వేలాడే పొట్టను లోపలికి పంపుతానంటే ఆయనకు సలాం చెప్పి బయటికి వచ్చేయండి.

పొట్ట పెద్దగా కనిపించడానికి కారణం ఒక్కటే కాదు. చర్మం కింద కొవ్వు ఉంటుంది. పేగుల చుట్టూ లోపలి కొవ్వు ఉంటుంది. పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు గర్భం సమయంలో ఎడమై, మళ్లీ దగ్గర పడకుండా ఉండిపోవచ్చు. ఇవన్నీ సరిగ్గానే ఉన్నా చర్మం సాగిపోయి మడత పడవచ్చు. వీటికి తోడు గ్యాసు, మలబద్ధకం వల్ల సాయంత్రానికి పొట్ట ఉబ్బేవారూ ఉన్నారు.

చర్మం కింది కొవ్వుకూ లోపలి కొవ్వుకూ తిండి, నడక, నిద్ర మందు. ఉబ్బరానికి మా జవారిష్‌లు బాగానే పనికివస్తాయి. కండరాల ఎడానికి సరైన వ్యాయామం కొంతవరకు ఉపకరిస్తుంది. సాగిన చర్మానికి మాత్రం కత్తి తప్ప మరో దారి లేదు. మీ పొట్టలో వీటిలో ఏది ఎంత ఉందో తెలుసుకోకుండా డబ్బు కట్టడం గుడ్డిగా నడవడమే.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తలను, భుజాలను కొంచెం పైకి లేపి బొడ్డుకు పైనా కిందా వేళ్లు నిలువుగా పెట్టి చూడండి. మధ్యలో రెండు వేళ్ల కంటే ఎక్కువ పల్లం తగిలితే కండరాలు ఎడంగా ఉన్నాయని అనుమానించాలి. సాధారణంగా కాన్పయిన 8 వారాల్లో అవి దగ్గర పడతాయి. ఆ తర్వాతా ఎడం మిగిలితే ఫిజియోథెరపిస్టును కలవండి. పొట్ట తగ్గాలని పడుకుని లేచే బస్కీలు తీయడం మొదలుపెడితే కొందరికి ఆ ఎడం మరింత పొంగుతుంది.

టేపు తీసుకుని నడుము కొలత కూడా చూసుకోండి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండెజబ్బుల విషయంలో జాగ్రత్త పడాలని వైద్యుల మాట. టమ్మీ టక్‌లో తీసేది చర్మం, దాని కింది కొవ్వు మాత్రమే. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు అలాగే ఉంటుంది. ఆపరేషన్ చేయించుకుంటే షుగరు తగ్గుతుందని ఆశపడవద్దు.

మినీ అంటే ఏమిటి

పూర్తి టమ్మీ టక్‌లో ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కోత ఉంటుంది, బొడ్డును కొత్త చోట అమరుస్తారు. మినీలో కోత పొట్టిగా ఉంటుంది. బొడ్డుకు కింద ఉన్న మిగులు చర్మం, కొవ్వు తీస్తారు. అవసరమైతే ఆ భాగంలో కండరాన్ని కుట్టి దగ్గరికి లాగుతారు. బొడ్డును మామూలుగా కదపరు. పాత సిజేరియన్ మచ్చ చాలామందిలో ఈ కోతలోనే కలిసిపోతుంది. గంట, రెండు గంటల పని. మత్తు ఇచ్చి చేస్తారు.

ఇది ఎవరికి సరిపోతుంది? బరువు దాదాపు అదుపులో ఉండి, బొడ్డుకు కింద మాత్రమే చర్మం వదులైనవారికి. బొడ్డుకు పైన కూడా చర్మం సాగినా, కండరాలు పైదాకా ఎడమైనా మినీతో సగం పనే అవుతుంది. అప్పుడు పైన ఉబ్బు, కింద బిగువు మిగిలి, చూపుకు ముందుకంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని మినీ ఎంచుకుని ఏడాది తర్వాత మళ్లీ పూర్తి ఆపరేషన్ చేయించుకోవడం రెండు ఖర్చులు, రెండు మత్తులు.

బరువు కొన్ని నెలలపాటు నిలకడగా ఉండాలి. ఇంకా తగ్గుతూ ఉంటే ఈ రోజు బిగించిన చర్మం రేపు మళ్లీ వదులవుతుంది. పాలు మాన్పించి కొన్ని నెలలు గడవాలి. మరో బిడ్డ కావాలనుకునేవారు ఆగడమే మంచిది. ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే ప్రమాదమని కాదు, చేయించుకున్నదంతా మళ్లీ సాగిపోతుంది.

"చిన్న" అన్న మాట ఎంతవరకు నిజం

నా అభిప్రాయంలో ఈ విషయంలో ఎక్కువ హాని చేసే మాట ఇదే. కోత చిన్నదే. కోలుకోవడం చిన్నది కాదు. మూడో రోజున లేచి తిరగడం నిజమే, ఆ మాటకొస్తే మొదటి రోజే లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఆ నడక తప్పనిసరి. కాని నడవడం వేరు, ఇంటి పని చేయడం వేరు.

మొదటి వారం నడుము కొంచెం వంచే నడవాలి. పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు ఉండాలి. దగ్గినా తుమ్మినా పొట్టకు దిండు అదిమి పట్టుకోవాలి. చర్మం కింద చేరే నీరు బయటికి రావడానికి కొందరికి సన్నని గొట్టం పెడతారు, అది కొన్ని రోజులు ఉంటుంది. పొట్టకు బిగుతు బెల్టు కొన్ని వారాలు వేసుకోవాలి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి వారం, రెండు వారాల్లో వెళ్లగలరు. బరువులు ఎత్తడం, గట్టి వ్యాయామం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలదాకా కూడదు. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. మచ్చ ఎర్రగా మొదలై తేలికవడానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర. బక్రీద్ నాటికి మచ్చ పోదు.

ఇక బరువుల లెక్క చూడండి. సాధారణంగా సర్జన్లు 4, 5 కిలోలకు మించి ఎత్తవద్దంటారు. నీళ్లు నిండిన బిందె ఎంత బరువుంటుంది? నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు. వాటి సంగతి అలా ఉంచండి. 14 నెలల బిడ్డ 9, 10 కిలోలు ఉంటాడు. అమ్మా, చేతులు చాపి మీ మీదికి ఎక్కబోయే ఆ బిడ్డను మీరు కనీసం నాలుగు వారాలు ఎత్తుకోకూడదు. రాత్రి ఏడిస్తే ఎత్తి పాలివ్వకూడదు. ఈ సంగతి ఆ డాక్టరుగారు మీకు చెప్పారా?

అపాయాలు కూడా తెలిసి ఉండాలి. చర్మం కింద నీరు, రక్తం చేరడం, చీము పట్టడం, కుట్ల అంచు మానకపోవడం, పొట్ట చర్మం మొద్దుబారడం ఉంటాయి. అన్నిటికంటే ప్రమాదం కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. ఒక పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. అది అత్యవసరం. జ్వరం, కుట్ల నుంచి చీము, పొట్ట ఒకవైపు గబగబా ఉబ్బడం కనిపిస్తే అదే రోజు సర్జన్‌ను కలవాలి.

ఇంట్లో దాచడం ఎందుకు కూడదు

హెర్నియా అని చెప్పి చేయించుకుంటానన్న మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మీ సిగ్గు నాకు అర్థం కాకపోలేదు. "ఇద్దరు పిల్లల తల్లికి ఈ సోకులెందుకు" అన్న మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకూ తెలుసు. కాని రాత్రి రెండు గంటలకు మీకు ఆయాసం వస్తే పక్కనున్న అత్తగారు డాక్టరుకు ఏమని చెబుతారు? ఆమెకు తెలిసింది హెర్నియా. హెర్నియానే కదా, వారంలో తగ్గుతుందని పదో రోజున మిమ్మల్ని పొయ్యి దగ్గరికి పంపితే తప్పు ఆమెది కాదు.

ఇంకొకటి. ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే ఆపరేషన్లకు డబ్బు ఇవ్వవు. నిజంగా హెర్నియా ఉంటే దాని చికిత్సకు పాలసీ షరతుల ప్రకారం వర్తించవచ్చు. లేని హెర్నియాను కాగితం మీద రాస్తామనే ఆసుపత్రి ఉంటే, అక్కడ పొట్టను కూడా అప్పగించకండి. కాగితం మీద అబద్ధం రాసే చేయి కోతలోనూ అంతే జాగ్రత్త చూపుతుంది.

భర్తకు చెప్పండి. ఫోనులోనే చెప్పండి. ఆయన ఎప్పుడైనా మీ పొట్ట గురించి ఒక మాట అని ఉంటే అదీ బయటికి రావాలి. ఒకరి ఎత్తిపొడుపు కోసం చేయించుకున్న ఆపరేషన్ ఆ ఎత్తిపొడుపును ఆపదు, మరో చోటికి మారుస్తుంది అంతే. మీకు మీరుగా కావాలనుకుంటే అది వేరు. మడత కింద చెమట పట్టి ఒరుసుకోవడం, పుండ్లు పడటం, బట్టలు నిలవకపోవడం, అద్దం ముందు మనసు చివుక్కుమనడం ఇవన్నీ నిజమైన బాధలే. వాటిని సోకు అని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ధర్మపరంగా సందేహం ఉన్నవారు తమ ప్రాంత ఆలిమ్‌లను నిజం దాచకుండా అడగండి. లోపాన్ని సరిచేయడానికీ, కేవలం అలంకారానికీ మధ్య వారు తేడా చూస్తారు కాబట్టి మీ స్థితిని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

యునానీ ఇక్కడ చేయగలిగేది

కొందరు పెద్దలు హకీం అంటే కత్తికి విరోధి అనుకుంటారు. అది పొరపాటు. యునానీలో చికిత్స నాలుగు దారులు: తద్బీర్, ఆహారం, మందు, చేతిపని. ఆ నాలుగోదే శస్త్రచికిత్స, ఇలాజ్ బిల్ యద్. కార్డోబాకు చెందిన అల్ జహ్రావీ (936-1013) రాసిన 30 భాగాల "కితాబ్ అల్ తస్రీఫ్"లో చివరి భాగమంతా శస్త్రచికిత్స గురించే. పనిముట్ల బొమ్మలతో సహా రాశాడు. అయితే ముందు తద్బీర్, ఆహారం చూసి, అవి చాలనప్పుడే కత్తి దాకా వెళ్లడం మా పద్ధతి. నేను చెప్పేదీ అదే వరుస.

ఆపరేషన్‌కు ముందు మూడు నాలుగు నెలలు చేతిలో పెట్టుకోండి. అస్బాబె సిత్తా జరూరియా అని మేము చెప్పే ఆరు విషయాల్లో తిండి, నడక, నిద్ర, మనసు, మలవిసర్జన అన్నీ ఉన్నాయి. రాత్రి పదకొండుకు బిర్యానీ తిని పడుకునే అలవాటు మానండి. రోజూ అరగంట చురుకుగా నడవండి. రక్తహీనత ఉంటే హిమోగ్లోబిన్ పెంచుకోండి. షుగరు ఉన్నవారు అదుపులోకి తెచ్చుకున్నాకే తేదీ అడగండి. జర్దా పాన్, గుట్కా, నస్యం, సిగరెట్టు ఏ రూపంలో నికోటిన్ ఉన్నా కనీసం నాలుగు వారాల ముందు మానాలి, గాయం మానేదాకా ముట్టరాదు. నికోటిన్ చర్మానికి రక్తం అందనివ్వదు, కుట్ల అంచు నల్లబడుతుంది. ఇంట్లో ఎవరికీ తెలియకుండా జర్దా వేసుకునే అమ్మలు కూడా సర్జన్‌కు మాత్రం చెప్పాలి.

మా మందుల గురించి కూడా చెప్పాలి. మీరు వాడే మాజూన్లు, వెల్లుల్లి మాత్రలు, చేపనూనె, అల్లం పసుపు సత్తు మాత్రలు అన్నీ కాగితం మీద రాసి సర్జన్‌కు, మత్తు డాక్టరుకు ఇవ్వండి. వీటిలో కొన్ని రక్తం ఆగకుండా చేయవచ్చు. "దేశీ మందే కదా" అని దాచవద్దు. ఎప్పుడు ఆపాలో వారు చెబుతారు. వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్ వాడుతుంటే తప్పక చెప్పాలి. దానివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మత్తు సమయంలో అది ప్రమాదం. ఆపరేషన్‌కు ముందు బలం వస్తుందని హిజామా చేయించుకుని రక్తం పోగొట్టుకోవద్దు.

ఆపరేషన్ తర్వాత మన ఇళ్లల్లో మూడు పొరపాట్లు జరుగుతాయి. బాలింతకు చేసినట్టు పొట్టకు వేడినీళ్ల కాపడం పెడతారు. ఆ చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి కాలినా తెలియదు, బొబ్బలెక్కుతాయి. నానమ్మ చీర చింపి గట్టిగా నడికట్టు కడుతుంది. సర్జన్ ఇచ్చిన బెల్టే వాడాలి, దాని బిగువు ఆయన చెప్పినంతే ఉండాలి. మూడోది, కుట్ల మీద పసుపు, నూనె, మరహం పూయడం. గాయం పూర్తిగా మూసుకునేదాకా ఏదీ పూయవద్దు. దలక్, హిజామా కూడా ఆ భాగానికి సర్జన్ ఒప్పుకునేదాకా దూరంగా ఉంచండి.

ఆహారం విషయంలో మాత్రం మన వంటిల్లు గొప్పది. యఖ్నీ, మెత్తటి ఖిచిడీ, గుడ్డు, పప్పు, పెరుగు గాయానికి కావలసిన మాంసకృత్తులు ఇస్తాయి. నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. నానబెట్టిన అంజీర్, మునక్కా, చాలినన్ని నీళ్లతో ఇసబ్గోల్ దీనికి మేలు. గోంద్ లడ్డూలు, నెయ్యి హల్వాలు ఇది కాన్పు కాదు గనుక వద్దు, మళ్లీ బరువు పెంచుతాయి. ఉపవాసాలకు దగ్గరగా తేదీ పెట్టుకోవద్దు, మొదటి వారాల్లో గాయానికి నీరు, తిండి వేళకు అందాలి. నమాజు కుర్చీలో కూర్చుని సైగలతో చేసుకోండి, వంగే అనుమతి సర్జన్ ఇచ్చాక రుకూ, సజ్దా చేయవచ్చు.

సర్జన్‌ను ఏమడగాలి

ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. ఉందా? మత్తు డాక్టరు ఎవరు, ఆసుపత్రిలో ఐ.సి.యు. ఉందా? నాకు మినీ చాలునా, పూర్తి అవసరమా, ఎందుకు? మచ్చ ఎంత పొడవు, ఎక్కడ ఉంటుంది? ఏదైనా తేడా వస్తే రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలి, మళ్లీ చేయాల్సివస్తే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట చేయించుకోవద్దు. బ్యూటీ పార్లరుకు అనుబంధంగా నడిచే క్లినిక్‌లు, ఈ వారంలోనే డబ్బు కడితే తగ్గింపు ఇస్తామనేవారు మీకు తగరు. ఇద్దరు సర్జన్ల మాట విన్నాకే నిర్ణయించండి.

బరువు, ఆహారం విషయంలో యునానీ సలహా కావాలంటే బెంగళూరులో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. చెన్నై, ముంబై, ఒడిశాలోని భద్రక్‌లలో ప్రాంతీయ యునానీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలు గనుక ఆర్భాటపు మాటలు చెప్పరు.

ఆ సోదరికి నా మాట

అమ్మా, మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. బరువు ఇంకా తగ్గుతోంది. బిడ్డ పాలు మానలేదు. మూడో బిడ్డ సంగతి మీరు రాయలేదు, ఇంట్లో మాట్లాడుకుని ఉండకపోవచ్చు. ఈ మూడూ తేలకుండా చేసే ఆపరేషన్ తొందరపాటు. కాబట్టి బక్రీద్‌కు ముందు వద్దని నా సలహా. ఎప్పటికీ వద్దని అనడం లేదు.

సెలవుకు వచ్చిన మీ వారితో కలిసి ఒకసారి సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఆయన కూడా వినాలి, ప్రశ్నలు అడగాలి. బరువు నిలిచి, బిడ్డ పాలు మానేసి కొన్ని నెలలు గడిచాక, ఇంకా కావాలనిపిస్తే, ఆరు వారాలు బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో, బిందె ఎవరు మోస్తారో, వంట ఎవరు చేస్తారో ఇంటిల్లిపాదీ కూర్చుని పేర్లతో సహా అనుకోండి. ఆ పేర్లు తేలిన రోజున తేదీ తీసుకోండి. తేలకపోతే, ఎంత మంచి సర్జన్ దొరికినా మీకు ఇంకా సమయం రాలేదన్నమాట.

ఈ ఉత్తరం చదివిన అత్తగార్లకూ, భర్తలకూ ఒక్క మనవి. మీ ఇంటి ఆడపిల్ల ఈ మాట ఎత్తితే నవ్వవద్దు, కసరవద్దు. మీరు నవ్వితే ఆమె ఆపరేషన్ మానుకోదు. మీకు చెప్పడం మానుకుంటుంది.